చిన్నల్లుడి టైర్లు

సోమవారం పొద్దున్న మావగారు మాస్టారి కారు ఎక్కలేదు.

జరిగింది ఇంతే. పైకి చెప్పుకుంటే వినేవాళ్ళు నవ్విపోతారు. కానీ డ్రైవింగ్ స్కూలు మాస్టారు ఆ రోజు ఆరింటికే లేచి, తలకి తువ్వాలు చుట్టుకుని, సన్నటి వానలో కారు అద్దాలు తుడిచాడు. మోకాలి ఆపరేషనయ్యాక వ్యాయామాలకి ఆస్పత్రికి వెళ్ళే మనిషి కాలు చాపుకోవాలి కదా అని ముందు సీటుని పట్టాల మీద చివరిదాకా వెనక్కి నెట్టాడు. దాని మీద దుప్పటి మడత పెట్టి పరిచాడు. ఇంజను స్టార్టు చేసి స్టీరింగు ముందు కూర్చున్నాడు. మావగారు చేతికర్ర టకటకలాడించుకుంటూ మెట్లు దిగి, గేటు దాటి, మాస్టారి కారు చుట్టూ తిరిగి, దాని వెనకాల ఆగి ఉన్న చిన్నల్లుడి కారు దగ్గరికి వెళ్ళాడు.

"వాన కదా అల్లుడుగారూ. చిన్నాయన కారైతే జారదు," అన్నాడు, మాస్టారి ముఖంలోకి కాకుండా చేతికర్ర కొనకేసి చూస్తూ.

చిన్నల్లుడు గబగబా దిగి తలుపు తీసి పట్టుకున్నాడు. అతనికి నాలుగు వీధుల అవతల కళ్ళజోళ్ళ షాపుంది. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, ఎప్పుడూ నవ్వు ముఖం. ఈ రెండూ మాస్టారికి గిట్టవు.

"మీరేం అనుకోకండి అన్నయ్యా. మొన్న అలా అయిందని మావయ్యగారు కొంచెం బెదిరారు, అంతే. కొన్నాళ్ళు నేను తీసుకెళ్తాను. మీకూ క్లాసులుంటాయి కదా."

"నాకేముంటుందయ్యా అనుకోడానికి," అన్నాడు మాస్టారు.

ఆ కారు కదిలింది. వీధిలో నిలిచిన నీళ్ళని చక్రాలు సర్రుమని రెండు పక్కలకీ చీల్చుకుంటూ పోయాయి. కొత్త టైర్లు. వాటి మీద బాణాల్లాంటి గాడులు, ఒకదాని వెనక ఒకటి, చూడ్డానికే ముచ్చటగా ఉన్నాయి. కడుపు మండడానికి అంతకన్నా ఇంకేం కావాలి!

మొన్నంటే గురువారం. ఆస్పత్రికి వెళ్ళే దారిలో ఏటవాలు రోడ్డొకటి ఉంది. అక్కడ ఒక సైకిలు అడ్డం రావడం, మాస్టారి కారు కీచుమని పక్కకి తిరిగిపోయి, ముందు చక్రం కాలిబాట గట్టుకి కొట్టుకుని ఆగడం, అన్నీ రెప్పపాటులో అయిపోయాయి. ఎవరికీ గీత కూడా పడలేదు. మావగారి చేతికర్ర మాత్రం కింద పడింది. ఆ సాయంత్రం చిన్నల్లుడు పరామర్శకని వచ్చి, ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని కారు పక్కన గొంతుక్కూర్చుని, టైరు గాడిలో చిటికెన వేలి గోరు పెట్టి చూశాడు. "గోరు కూడా దిగట్లేదన్నయ్యా. అరిగిపోయాయి," అన్నాడు అందరూ వినేలా. అరుగు మీద కూర్చున్న మావగారు వెంటనే, "అదీ సంగతి! టైర్లే!" అన్నాడు.

ఆ గోరు ఇప్పటికీ మాస్టారి గుండెలో గుచ్చుకునే ఉంది. పెళ్ళయిన కొత్తలో ఆ కళ్ళజోళ్ళాయనకి క్లచ్చేదో బ్రేకేదో చెప్పింది ఎవరు? "అన్నయ్యా, లారీ వస్తోంది" అని స్టీరింగు వదిలేసి రెండు చేతులతో కళ్ళు మూసుకున్న మహానుభావుడు ఇవాళ తన టైర్లకి గోరు పెట్టి చూస్తాడా? పోనీ అతను పెట్టాడే అనుకో, తన ఇంట్లో ఉంటూ, తన పక్క గదిలో పడుకుంటూ, తన భార్య చేతి కాఫీ తాగే మావగారు గేటు దాటి వాడి కారెక్కుతాడా?

గుమ్మంలోంచి భార్య పిలిచింది. "లోపలికి రండి. ఎంతసేపు తడుస్తారు? మా నాన్నకి కాలు నొప్పి, మీకు కోపం నొప్పి. ఇద్దరు రోగులతో నా వల్ల కాదు బాబూ."

"నాకేం కోపం?"

"అద్దం తుడిచారుగా. ఓసారి అందులో చూసుకోండి," అందామె.

*

ఎనిమిదింటికి టైలరమ్మ క్లాసుకి వచ్చింది. యాభైకి దగ్గర పడుతున్న మనిషి. పాతికేళ్ళు కుట్టుమిషను తొక్కిన కాలు ఆవిడది. బ్రేకు మీద పడిందంటే ఎంత తొక్కాలో అంతే తొక్కుతుంది. ఆవిడ స్టీరింగు ముందు, మాస్టారు పక్క సీట్లో. నేర్చుకునేవాళ్ళ కారు కాబట్టి ఆ పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకూ ఒక క్లచ్చూ ఉంటాయి; అవి తొక్కితే స్టీరింగు ముందున్నవీ వాటితో పాటే దిగుతాయి. పదహారేళ్ళుగా మాస్టారి పాదాలు కాపురముంటున్నది వాటి మీదే. ఇంట్లో టీవీ చూస్తున్నా, తెర మీద ఏ కారైనా జోరుగా వస్తే ఆయన కాలు నేలని నొక్కేస్తుంది.

పాత గోదాముల వెనక సిమెంటు మైదానంలో తెల్ల గీత ఒకటి ఉంది. అక్కడ ఆపమన్నాడు. ఆవిడ సరిగ్గానే తొక్కింది. చక్రాలు ఆగాయి, కారు ఆగలేదు. తడి సిమెంటు మీద సబ్బుముక్కలా జారి, గీత దాటి, ఇంకో కారు పట్టేంత దూరం పోయి నిలిచింది.

"కళ్ళెక్కడ పెట్టుకున్నారమ్మా? గీత కనపడలేదా?"

"నా మీద అరిస్తే ఏం లాభం మాస్టారూ? నేను తొక్కాను. మీ బండి ఆగనంది," అందావిడ తాపీగా.

మాస్టారు దిగాడు. చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, ముందు టైరు గాడిలో తనూ గోరు పెట్టాడు. దిగలేదు. గాడి అడుగున అడ్డంగా చిన్న గట్టు ఒకటి ఉంటుంది. టైరు అరిగి ఆ గట్టుకి సమానమైతే మార్చేయాలని లెక్క. పదహారేళ్ళలో ఎందరికి పాఠం చెప్పాడో ఆ గట్టు గురించి! అదిప్పుడు టైరుతో చదునుగా ఉంది. రోజుకి వందసార్లు సడెన్ బ్రేకులు, గట్లకి రాపిళ్ళు. నేర్చుకునేవాళ్ళ కారుకి టైరు నిలవదని తెలుసు. వానలు తగ్గాక చూద్దామనుకున్నాడు. వానలు తగ్గాక ఎందుకో మరి!

తిరిగి వచ్చేటప్పుడు చౌరస్తాలో చిన్నల్లుడి కారు ఎదురైంది. ముందు సీట్లో మావగారు కాలు బార్లా చాపుకుని, తల వెనక్కి ఆనించి, దేనికో పెద్దగా నవ్వుతున్నాడు. మాస్టారి కారులో ఆయన ఎన్నడూ అలా నవ్వలేదు. ఈ నెల రోజులూ చొక్కా గుండీ పట్టుకుని బిగుసుకుని కూర్చునేవాడు. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి, మాటలు తక్కువ, స్వభావమే అంత అనుకున్నాడు మాస్టారు. మరి వాడి దగ్గర ఈ ఇకఇకలూ పకపకలూ ఎక్కణ్ణుంచి వచ్చాయి?

"మాస్టారూ, పచ్చ లైటు పడింది," అంది టైలరమ్మ.

"నాకు కనిపిస్తోంది," అని కసిరాడు. నిజానికి కనపడలేదు.

*

టైర్ల షాపు నడిపే ఆవిణ్ణి అందరూ టైర్లక్క అంటారు. షాపు నిండా రబ్బరు వాసన. నేల మీద నుంచి కప్పు దాకా టైర్లు. ఆవిడ ఎత్తు స్టూలు మీద కూర్చుని, పంక్చరైన ట్యూబుని తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తోంది.

"రండి మాస్టారూ. ఆ కారు మీద ఇన్నాళ్ళకి దయ కలిగిందా?"

"వానలో జారని టైర్లు కావాలి. మా తోడల్లుడు వేయించాడే, అవి కాకుండా, వాటికన్నా పైవి."

ఆవిడ ట్యూబు వదిలేసి చేతులు తుడుచుకుంది. "అవి కాకుండా, వాటికన్నా పైవి," అంది మెల్లగా, రుచి చూస్తున్నట్టు. "వీటిలో ఏది నచ్చింది?"

మాస్టారు అన్నిటికన్నా వెడల్పాటి దాన్ని చూపించాడు. పక్కన ఎర్ర గీత కూడా ఉంది.

"అది మీ రిమ్ముకి ఎక్కదు. ఎక్కినా మీకు పనికిరాదు. మీ కారు బరువెంత? ఇంత వెడల్పుంటే నిలవ నీళ్ళ మీద తేలుతుంది. సన్నగా ఉంటే నీళ్ళని కోసుకుని నేల దాకా దిగుతుంది. వానలో పట్టు అంటే ఏమీ లేదండీ, కిందున్న నీళ్ళు పక్కకి పోవాలి, రబ్బరు నేలకి తగలాలి."

ఆవిడ అటక మీద నుంచి ఒక టైరు దించి, కూరగాయల బేరంలోలాగా దాన్ని ఇటూ అటూ తిప్పింది. చూపుకి ఏమీ లేని టైరు. బాణాలు లేవు, గీతలు లేవు.

"ఈ నాలుగు పెద్ద గాడులూ కాలవలనుకోండి. నీళ్ళు వీటిలోంచి బయటికి పోతాయి. ఇదిగో, బ్లేడుతో కోసినట్టు సన్న సన్న గీతలున్నాయే, మిగిలిన తడిని ఇవి తుడుస్తాయి. నొక్కి చూడండి. మెత్తగా లేదూ? మెత్తటి రబ్బరు తడి నేలని వదలదు. కాకపోతే తొందరగా అరుగుతుంది. ఎక్కువ కాలం రావాలా, వానలో ఆగాలా, మీరు తేల్చుకోవాలి. రెండూ దండిగా ఉన్న టైరు నా షాపులో లేదు. ఉందని చెప్పేవాడి షాపుకి వెళ్ళకండి."

మాస్టారు బొటనవేలితో నొక్కాడు. మనసు టైరు మీద లేదు. "మా వాడు ఏం తేల్చుకున్నాడు?"

"ఆయనా? గంటన్నర కూర్చున్నారు ఇక్కడ. టైరు మీద అచ్చేసి ఉండే, అది తయారైన వారం, సంవత్సరం కూడా చదివించుకున్నారు. మావయ్యగారికి మోకాలి ఆపరేషనుంది, వానాకాలంలో ఎప్పుడైనా తీసుకెళ్ళాల్సొస్తుందేమో అన్నారు."

"ఎప్పుడొచ్చాడు?"

"ఆపరేషనుకి ముందే."

ఇది గోరు కన్నా లోతుగా దిగింది. టైర్లు కొనడం పెద్ద గొప్పేం కాదు, ఎవడైనా కొంటాడు. ముందే ఆలోచించాడు చూడు, ఆ ఆలోచన తనకి రాలేదు. మాస్టారికి అక్కడికక్కడే తోడల్లుడి మీద అసహ్యం లాంటిది కలిగింది. మంచివాడు కావడానికి ఇంత ముందుచూపు ఎందుకయ్యా మనిషికి?

"ఇవే వేయండి. ముందు రెండు మారిస్తే చాలా?"

"రెండే మారిస్తే ఆ కొత్తవి వెనక్కి వేస్తాను. అందరూ ముందుకే వేయమంటారు. వెనక పట్టు లేకపోతే బండి తోక తిప్పేస్తుందని మీకు నేను చెప్పాలా?"

"నాలుగూ మార్చేయండి."

మర్నాడు మధ్యాహ్నానికి పని అయిపోయింది. చక్రాలు బిగించి, గాలి కొలిచి, టైర్లక్క చివరిగా అంది: "కొత్త రబ్బరు మీద నున్నటి పొరొకటి ఉంటుంది. అది పోయేదాకా కొంచెం మెల్లగా తిప్పండి. ఇవాళే వెళ్ళి ఎవరితోనూ పందెం వేసుకోకండి."

తన ముఖం మీద అంత స్పష్టంగా రాసి ఉందా అని మాస్టారు ఇంటిదాకా అద్దంలో చూసుకుంటూనే ఉన్నాడు.

*

బుధవారం సాయంత్రం గట్టి వాన పడింది. మాస్టారికి పండగలా ఉంది. టైలరమ్మని గోదాముల వెనక్కి తీసుకెళ్ళి, సోమవారం వచ్చినంత వేగంతోనే రమ్మని, గీత దగ్గర తొక్కమన్నాడు. కారు ముక్కు ఒక్కసారి కిందికి వంగింది. అంతే. ముందు చక్రాలు గీత మీద మేకు కొట్టినట్టు నిలబడ్డాయి.

"ఆగింది మాస్టారూ!"

"ఆగదా మరి!" అన్నాడు మాస్టారు. ఇంకో ఆరుసార్లు ఆపించాడు. ఆరుసార్లూ ఆగింది. ఆవిడ నేర్చుకోవలసినదేమీ లేదక్కడ. ఆయనకే తనివి తీరలేదు.

భోజనాల దగ్గర కూర్చోగానే చెప్పేశాడు. "మావయ్యగారూ, టైర్లు మార్పించాను. నాలుగూ. ఇక మీరు దిగులు పడక్కర్లేదు. రేపు మనం వెళ్దాం."

మావగారి చెయ్యి కంచంలో ఆగిపోయింది. "మంచి పని చేశారు," అన్నాడు. తరవాత కాసేపటికి, "రేపు చిన్నాయన వస్తానన్నాడు. మాటిచ్చాక మళ్ళీ మార్చుకుంటే బాగోదు," అన్నాడు.

"ఫోను చేసి చెప్తే సరిపోయె," అంది భార్య.

"వద్దమ్మా. అతని కారు ఎత్తుగా ఉంటుంది. ఎక్కడం సులువు."

మొన్నటిదాకా టైర్లు. ఇప్పుడు ఎత్తు. రేపు రంగు నచ్చలేదంటాడు కాబోలు! నాలుగు టైర్లు మార్చినా మావగారి మనసు మారలేదు. మాస్టారు చారు కలుపుకున్నాడు. కళ్ళజోళ్ళ షాపూ, ఆ ఇస్త్రీ చొక్కా, ఆ బాణాల టైర్లూ, అన్నిటికీ కలిపి మనసులో ఒకే ఒక్క తిట్టు తిట్టుకున్నాడు. అది రాయడం బాగుండదు.

*

గురువారం పొద్దున్న ఏడున్నరకి మాస్టారు పెరట్లోకి వెళ్ళి తోడల్లుడికి ఫోను చేశాడు.

"తమ్ముడూ, ఇవాళ నువ్వు రానక్కర్లేదు. మావయ్యగారు నా కారులోనే వస్తారట. నిన్ను ఇబ్బంది పెట్టొద్దని ఆయనే చెప్పమన్నారు."

"అలాగా. సరే అన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు.

లోపలికొచ్చి మావగారితో, "తమ్ముడికి షాపులో ఏదో పని తగిలిందట. ఇప్పుడే ఫోను చేశాడు," అన్నాడు. ఒక అబద్ధానికి ఇంకొకటి తోడు. చిత్రమేమిటంటే నాలుక ఎక్కడా తడబడలేదు.

మావగారి ముఖం పాలిపోయింది. "ఆటో పిలిపిస్తారా పోనీ?" అన్నాడు. ఇంట్లో కారు పెట్టుకుని ఆటో! మాస్టారికి ఒళ్ళు మండింది. మావగారు వెనక తలుపు తెరిచి లోపలికి దూరబోయాడు. మోకాలు మడత పడక అబ్బా అన్నాడు. చివరికి ముందు సీట్లోనే కూర్చున్నాడు. కాలు చాపుకోమంటే చాపుకోడే! రెండు పాదాలూ తలుపు వైపుకి లాక్కుని, రెండు చేతులతో మోకాలు అదిమి పట్టుకుని, పక్కకి ఒరిగి కూర్చున్నాడు.

"హాయిగా కూర్చోండి మావయ్యగారూ."

"బాగానే ఉంది. బాగానే ఉంది."

వాన పడుతూనే ఉంది. మాస్టారు ఆ రోజు నడిపినట్టు జన్మలో నడపలేదు. గేరు మార్చితే తెలియలేదు, మలుపు తిప్పితే తెలియలేదు. పక్కకి ఓరగా చూస్తే మావగారు కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. ఇంత చేసినా ఇంకా భయమే! ఏటవాలు రోడ్డు వచ్చింది. మొన్న కారు గట్టుకి కొట్టుకున్న చోటు దగ్గర పడింది. చూపించాల్సిందే అనుకున్నాడు మాస్టారు. అద్దంలో చూశాడు. వెనక ఎవరూ లేరు. బ్రేకు గట్టిగా తొక్కాడు.

కారు ముక్కు వంచి అక్కడే ఆగింది. అంగుళం జారలేదు, వెంట్రుకవాసి తిరగలేదు.

"నేను కాదు!" అని అరిచాడు మావగారు. "నేను తొక్కలేదు! చూడండి, నా కాలు ఇక్కడే ఉంది! ఈసారి నేను కాదు!"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే బయటపడింది మాట. మాస్టారు వంగి మావగారి కాళ్ళకేసి చూశాడు. తలుపుకి అతుక్కుపోయిన రెండు పాదాలు. వాటికి జానెడు దూరంలో, పదహారేళ్ళుగా తన చెప్పుల కింద నున్నబడిన రెండో బ్రేకు.

పోయిన గురువారం తన కాలు బ్రేకు మీదకి వెళ్ళేసరికే అది నేలకి అంటుకుని ఉంది. కంగారులో తానే తొక్కాననుకున్నాడు. కారు నేర్పేవాడికి ఆ పక్క సీటు ఎప్పుడూ తనదే. అక్కడ ఇంకొకరి కాలు ఉంటుందన్న ఊహే రాదు.

కారుని మెల్లగా పక్కకి తీసి ఆపాడు.

"సైకిలు చూసి బెదిరాను," అన్నాడు మావగారు. "కాలు దానంతట అదే వెళ్ళిపోయింది. తీద్దామంటే రాలేదు. ఆపరేషనయ్యాక అది ఎక్కడుందో నాకే సరిగ్గా తెలియట్లేదు అల్లుడుగారూ. మొద్దులాగా ఉంటుంది. సూదిమొనంత మరలు తిప్పిన మనిషిని నేను. నా కాలు నా మాట వినట్లేదని ఎవరితో చెప్పుకోను? అమ్మాయిలు వింటే నన్నింక ఒంటరిగా మెట్లు కూడా దిగనివ్వరు. చిన్నాయన గోరు పెట్టి టైర్లు అన్నాడు. దొరికిందే చాలని పట్టుకున్నాను. మీ పేరు పోతుందని తెలిసే పట్టుకున్నాను."

మాస్టారికి ముందు కలిగింది జాలి కాదు. సంతోషం. పొంగి పొరలిపోయే సంతోషం. తన కారు కాదు, తన చెయ్యి కాదు, ముసలాయన కాలు! ఆస్పత్రిలో మావగారి కాలుకి వ్యాయామాలు చేయిస్తున్నంతసేపూ బయట బెంచీ మీద కూర్చుని మాటలు కూర్చుకున్నాడు. "ఏమయ్యా తమ్ముడూ, గోరు పెట్టి చూశావు కదా, ఆ గోటికి ఇది కనపడలేదా?" బాగా లేదు. "కళ్ళజోళ్ళమ్మేవాడివి, కళ్ళెదుట ఉన్న బ్రేకు చూడలేదేం?" ఇది బాగుంది. ఇలాగే అనాలి. భార్య వినాలి, మరదలు వినాలి. అది తలుచుకుంటే నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టుంది.

తిరిగి వచ్చేటప్పుడు మావగారు ఒక్క మాటే అడిగాడు. "ఇంట్లో చెప్తారా?"

మాస్టారు వైపర్ల జోరు పెంచాడు.

*

ఇంటి ముందు చిన్నల్లుడి కారు ఉంది. లోపల అతను, పక్కన మరదలు, ఎదురుగా భార్య. ఎవరి చేతిలోనూ కాఫీ గ్లాసు లేదు. మరిదికి షాపులో పని ఎలా ఉందో కనుక్కుందామని భార్య చెల్లెలికి ఫోను చేసిందట. పనేమిటి, నాన్నే రావద్దన్నాడుగా అని చెల్లెలు అందట. రెండు అబద్ధాలూ ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్నాయి.

చిన్నల్లుడి ముఖంలో మొదటిసారి నవ్వు లేదు. "నేను రావడం మీకిష్టం లేకపోతే నాతోనే చెప్పొచ్చు కదన్నయ్యా. మావయ్యగారి పేరెందుకు పెట్టడం? పొద్దుట్నుంచీ నేనేం తప్పు చేశానా అని ఆలోచిస్తూ కూర్చున్నాను."

మరదలు అంతకన్నా సూటిగా అంది. "బావగారూ, మీ పంతానికి మా నాన్నే దొరికాడా? ఒకసారి జారిన బండి. ఇంత వానలో, ఆ దిగుడులో! ఏమన్నా అయుంటే?"

ఇదిగో, ఇంతకన్నా మంచి సమయం రాదు. మాట నాలుక చివర్న ఉంది. మాస్టారు మావగారివైపు చూశాడు. ఆయన అప్పుడే కుర్చీలో కూలబడ్డాడు. చేతికర్ర పిడి మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. పెదాలు విడివడ్డాయి, ఆయనే చెప్పేయబోతున్నాడు. చెప్పేస్తే పీడా పోతుంది. ఆ తరవాత చిన్న కూతురు నాన్నా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, పెద్ద కూతురు మెట్లకి అడ్డంగా తలుపు పెట్టిస్తుంది. ఆయన మళ్ళీ ఎవరి ముఖంలోకీ చూడడు.

"తమ్ముడూ," అన్నాడు మాస్టారు, మావగారి నోట్లోంచి మాట రాకముందే. "అబద్ధం ఆడిన మాట నిజం. నాకు కుళ్ళు వచ్చింది. ఆయన నీ కారెక్కాడని కుళ్ళు వచ్చింది. నువ్వు ఆపరేషనుకి ముందే టైర్లు కొన్నావని తెలిసి ఇంకా వచ్చింది. మొన్న కారు జారడం కూడా నా తప్పే. టైర్లు అరిగిపోయాయని తెలిసీ తిప్పాను."

గదిలో ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. మాస్టారు తప్పు ఒప్పుకోగా ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. మరదలు చీర కొంగు సర్దుకుంది. చిన్నల్లుడు లేచి నిలబడి, "అయ్యో, అంత మాటెందుకన్నయ్యా," అని కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. మావగారు తల వంచుకుని కర్ర పిడికేసి చూస్తూ ఉండిపోయాడు.

మాస్టారు నీళ్ళు తాగాలని వంటింట్లోకి వెళ్ళాడు. వెనకే భార్య వచ్చి పొయ్యి మీద కాఫీకి నీళ్ళు పెట్టింది.

"పొద్దున్న రెండు అబద్ధాలు ఆడారు," అంది ఆయనకేసి చూడకుండా. "ఇప్పుడు మా నాన్న ముఖం చూసి మూడోది ఆడారు. ఆ రెండూ మీ కోసం. ఈ మూడోది ఎవరి కోసమండీ?"

"మూడోది అబద్ధం కాదు. టైర్లు నిజంగానే అరిగిపోయాయి."

ఆమె నాలుగు గ్లాసులు తీసి వరసగా పెట్టింది. తరవాత ఐదోది, కొంచెం పెద్దది, మాస్టారిది, తీసి వాటికి ముందు పెట్టింది.

హాల్లో మాటలు మళ్ళీ మొదలయ్యాయి. చిన్నల్లుడి గొంతులో నవ్వు తిరిగొచ్చింది. "పోనీలెండి, అయిందేదో అయింది. శనివారం నేనే వచ్చేస్తాను మావయ్యగారూ. అన్నయ్య కొత్త టైర్లకి కొన్నాళ్ళు విశ్రాంతి ఇద్దాం!" మరదలు పకపకా నవ్వింది.

మాస్టారి కడుపులో మంట మళ్ళీ లేచింది. పోలేదు అది, ఎక్కడికీ పోలేదు. నాలుగడుగులేసి హాల్లోకి వెళ్ళి ఒక్క వాక్యం చెప్తే ఆ నవ్వు ఆగిపోతుంది. నాలుగడుగులేశాడు. గుమ్మంలో నిలబడ్డాడు. మావగారు తలెత్తి ఆయన కళ్ళలోకి చూశాడు.

"శనివారం అరగంట ముందే రా తమ్ముడూ," అన్నాడు మాస్టారు. "ముందు సీటు బాగా వెనక్కి జరుపు. ఆయన కాలు చాపుకుని కూర్చోవాలి."